ఎడమవైపు కుళాయి

మా వంటింట్లో విమానం ఎగరాలంటే ముందు నేను పాలగిన్నె తీసుకుని బయటికి రావాలి. ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోంచే మాట్లాడాల్సినంత వంటిల్లు అది. గోడకి ఆనించిన బల్ల, బల్ల మీద నిలబెట్టిన అట్ట, ఆ అట్ట మీద మా బావ స్కెచ్ పెన్నులతో గీసిన గుండ్రటి మీటర్లు. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో మా అక్క, చేతుల్లో కుక్కరు మూత. అదే స్టీరింగు. వెనకాల మా బావ, నోటికి స్టీలు గ్లాసు అడ్డం పెట్టుకుని ముక్కుతో మాట్లాడుతూ ఉండేవాడు. ఆ గ్లాసు రేడియో. బావ కంట్రోల్ టవరు.

ఇదంతా అక్క ఉన్నప్పటి మాట. అట్ట ఇంకా బల్ల మీదే ఉంది, గ్లాసు కూడా అక్కడే ఉంది, నేనే వాటిని ముట్టుకోవడం లేదు.

బావంటే బయటి సంబంధం కాదు. మా అమ్మకి స్వయానా అన్న కొడుకు. అందుకని అక్కకీ బావే, నాకూ బావే. పెళ్లయ్యాక కూడా అక్క ఆ పిలుపు మార్చలేదు. అక్కని బావ మాత్రం ఇంట్లో కెప్టెన్ గారూ అనేవాడు. ముందు వెక్కిరింతకి మొదలుపెట్టాడు, తర్వాత అదే నిలిచిపోయింది.

అక్క విమానం నేర్చుకోవడం మొదలుపెట్టింది ఈ దేశంలో కాదు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఉన్నది వేరే దేశం. ఏడాది పొడుగునా ఎండ కాసే చోటు. అక్కడ సొంతంగా విమానం నడుపుకోవడానికి ఇచ్చే లైసెన్సు తెచ్చుకుంది. ప్రైవేటు లైసెన్సు అంటారు. దాంతో చుట్టాల్ని ఎక్కించుకుని తిప్పొచ్చు గానీ, జీతం తీసుకుని నడపకూడదు. జీతానికి నడపాలంటే ఇంకా చదవాలి, ఇంకా ఎగరాలి. ఆ ఇంకా అన్నదాని మధ్యలో ఉండగా స్కూలు మూతపడింది, వీసా గడువూ దగ్గర పడింది. నేను అప్పటికే ఇక్కడ కళ్లాసుపత్రిలో నర్సుని. ఈ ఊరి చివర ఒక ఫ్లయింగ్ స్కూలుందని, వేరే దేశం లైసెన్సున్నవాళ్లని అక్కణ్నుంచి ముందుకి చదివిస్తారని కనుక్కుని ఫోన్లో చెప్పాను. బావ ఒక హోటల్ లాండ్రీలో పని వెతుక్కున్నాడు. అట్టని రెండుగా మడిచి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని ఇద్దరూ మా ఇంట్లో దిగారు.

వేరే దేశం లైసెన్సంటే కొత్త కోడలి వంట లాంటిది. పుట్టింట్లో ఎంత మెప్పు పొందినా, అత్తగారి పొయ్యి దగ్గర మళ్లీ మొదట్నుంచి ఉప్పు చూపించుకోవాల్సిందే. అక్కకి మళ్లీ కళ్లు, చెవులు, గుండె అన్నీ పరీక్ష చేశారు. కళ్లు మా ఆసుపత్రిలోనే చేయించాను. ఇక్కడి రూల్సు మీద పరీక్ష పెట్టారు. పాత దేశంలో ఎగిరిన గంటల్ని ఒప్పుకుంటామన్నారు గానీ, ఇక్కడి టీచరు పక్కన కూర్చుని కొన్నిసార్లు ఎగిరి చూసి సరే అంటేనే లైసెన్సుకి ముద్ర వేస్తామన్నారు. ఆ టీచర్ని మేం పెద్దాయన అనేవాళ్లం. నవ్వడం తెలియని మనిషి, కానీ చెడ్డవాడు కాదు.

పెద్దాయన మొదటిరోజే అక్కతో ఒక మాట అన్నాడు. "మీ చేతుల్లో పాత విమానం ఉందమ్మా. ముందు దాన్ని దింపెయ్యండి."

అక్క ఆ మాటని ఇంటికి తెచ్చి మాకు అప్పజెప్పింది. బావకి అర్థమయ్యేదాకా, నాకు అర్థమైనా అవకపోయినా, కుక్కరు మూత ఊపుతూ వివరించింది. పాత స్కూలు విమానాలకి రెక్కలు నెత్తిమీద ఉండేవి. రెండు రెక్కల్లోనూ పెట్రోలు ఉంటుంది, రెండిట్లోంచీ దానంతటదే కిందికి దిగుతుంది. కుళాయి ఒకటి ఉంది, రెండు సీట్ల మధ్య నేల దగ్గర. దాన్ని రెండు ట్యాంకులకీ కలిపి పెట్టేస్తే ఇక దిగేదాకా ముట్టుకోనక్కర్లేదు. ఇక్కడి విమానాలకి రెక్కలు కాళ్లకింద. పెట్రోల్ని పంపు తోడాలి. కుళాయి కుడి ట్యాంకుకో ఎడమ ట్యాంకుకో, ఏదో ఒకదానికే తిరుగుతుంది. అరగంటకోసారి మార్చుకుంటూ ఉండాలి. మర్చిపోతే, అవతలి ట్యాంకు నిండుగా ఉన్నా సరే, ఇవతలిది ఎండిపోయి ఇంజను ఆగిపోతుంది. పైగా ఆ కుళాయి సీట్ల మధ్య ఉండదు. నడిపేవాళ్ల ఎడమ మోకాలి పక్కన, గోడకి ఉంటుంది.

"ఇంతేనా? నేను కొత్త అట్ట గీస్తా ఉండు," అన్నాడు బావ.

గీశాడు. లాండ్రీ నుంచి దుప్పట్లు ప్యాక్ చేసే పెద్ద అట్ట తెచ్చి, విమానం పుస్తకం ముందు పెట్టుకుని, నాలుక బయటపెట్టి, గుండ్రాలు చుట్టడానికి మా ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాడి గీశాడు. లాండ్రీలో రోజంతా ఆవిరిలో పనిచేసొచ్చిన మనిషి అంత ఓపిగ్గా కూర్చుంటాడని నేననుకోలేదు. మా బావ మీద నాకెన్ని కోపాలున్నా, ఆ అట్ట సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఒక్క స్క్రూ కూడా వదల్లేదు. కుళాయిని విడిగా గీసి కత్తిరించాడు, మధ్యలో గుండుసూది గుచ్చి తిరిగేలా చేశాడు.

చిక్కంతా దాన్ని అంటించడంలో వచ్చింది. కుర్చీకి ఎడమవైపు మోకాలి దగ్గర గోడ ఉండాలి. మా వంటింట్లో అక్కడ ఫ్రిజ్ ఉంది. ముందు ఫ్రిజ్ తలుపుకే అంటించాడు. నేను పాలకోసం తలుపు తీస్తే ఊడి కింద పడింది. మళ్లీ అంటించాడు, ఈసారి తలుపు చెమ్మకి జారింది. ఫ్రిజ్‌ని అవతలి మూలకి జరిపేద్దామా అన్నాడు. ఫ్రిజ్‌తో సహా ఇల్లు అద్దెకిచ్చినప్పుడే ఇంటావిడ చెప్పింది, ఆ మూల ఒక్కచోటే ప్లగ్గుందని, ఫ్రిజ్ తీగ పొట్టిదని, దాన్ని కదపడానికి లేదని. ఆ మాటే నేను బావకి చెప్పాను.

"సరే, ప్రస్తుతానికి ఇక్కడ పెడతా," అని బావ ఆ కాగితం కుళాయిని బల్లకున్న కుడి కాలికి, కిందికి, అంటించాడు. "కెప్టెన్ గారూ, కుళాయి ఇక్కడున్నట్టు అనుకోండి. నిజానికి ఉండేది అటువైపు."

"తెలుసులే బావా. నాకు తెలీదా ఏంటి?" అంది అక్క.

ప్రస్తుతానికి అన్న మాట మా ఇంట్లో పాతుకుపోయింది. గుమ్మంలో ప్రస్తుతానికి పెట్టిన చెప్పుల స్టాండు, ప్రస్తుతానికి పంచదార డబ్బాలో పోసిన ఉప్పు, అన్నీ అలాగే ఉండిపోయాయి. కుళాయీ ఉండిపోయింది.

రోజూ సాయంత్రం ఇంజను ఆగిపోయేది. అంటే బావ గ్లాసులోంచి "ఇంజను ఆగింది" అనేవాడు. అక్క కుక్కరు మూత పట్టుకుని వరసగా చెప్తూ చేసేది. స్పీడు. దిగడానికి పొలం. కుళాయి. పంపు. ఇంకేవో నాలుగైదు మాటలు, వాటి అర్థం నాకు తెలీదు గానీ విని విని నాకూ నోటికొచ్చేశాయి. కుళాయి అన్నప్పుడల్లా కుడిచెయ్యి బల్ల కాలి దగ్గరికి వెళ్లి కాగితాన్ని టక్కున తిప్పేది. చూడకుండా తిప్పేది. అదే గొప్ప అని మేమనుకున్నాం.

వాళ్లకింకో నియమం కూడా ఉండేది. పాత దేశంలో ఉన్నప్పుడు బావ మరీ జాలిపడి, అక్క తడబడితే చాలు, పక్కనుంచి అందించేసేవాడట. అక్కడి పరీక్షలో అందించేవాళ్లు లేక అక్క ఒకసారి తప్పింది. ఇంటికొచ్చి బావ మీద విరుచుకుపడింది. అప్పట్నుంచి రూలు పెట్టింది. ఇంజను ఆగిన దగ్గర్నుంచి అక్క అన్నీ పూర్తిచేసి, "అయింది, చెప్పు బావా" అనేదాకా బావ నోరు విప్పకూడదు. ఎక్కడ తప్పు చేసిందో ఆ మాట అన్నాకే చెప్పాలి.

బావ ఆ రూలుని ఎంత నిష్ఠగా పాటించేవాడంటే, ఒకసారి అక్క వెనకాల పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి. బావకి కనపడుతూనే ఉన్నాయి. పెదాలు బిగబట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, గ్లాసు నోటికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. పాలన్నీ పొయ్యిలో పోయాయి. "అయింది, చెప్పు బావా," అంది అక్క. "పాలు పొంగాయి," అన్నాడు బావ. నేను గుమ్మంలో పొట్ట పట్టుకుని నవ్వాను. పొయ్యి తుడిచింది కూడా నేనే.

నిజం విమానంలో పెద్దాయన పక్కన ఉన్నప్పుడు అక్క కుళాయిని సరిగ్గానే మార్చేది. ఎడమచెయ్యి ఎడమ మోకాలి పక్కకే వెళ్లేది. అరగంట కాగానే పెద్దాయనే గుర్తుచేసేవాడు, తను ఆలోచించుకుని మార్చేది. పైన ఇంజను ఆపినట్టు ఆయన నటించినప్పుడు, కుళాయిని నోటితో చెబితే చాలు, నిజంగా తిప్పొద్దనేవాడట. లేనిపోని ప్రమాదం ఎందుకని. అక్క నోరు ఎప్పుడూ తప్పలేదు. తల తీరిగ్గా ఉన్నప్పుడు పనిచేస్తుంది, కంగారులో చెయ్యి పనిచేస్తుంది, మీ చేతికి నేర్పండి అని ఆయన రోజూ చెప్పేవాడు. అందుకని అక్క ఇంటికొచ్చి చేతికి ఇంకా నేర్పేది. ఎంత నేర్పితే అంత మంచిదనే కదా ఎవరైనా అనుకునేది.

లైసెన్సుకి ముద్ర పడింది. ఇక అక్క కెప్టెన్‌గా ఒంటరిగా గంటలు పోగేసుకోవాలి, తర్వాత జీతం లైసెన్సు చదువు. ఒంటరిగా అంటే పక్కన టీచరు లేకుండా అని, మనిషే ఉండకూడదని కాదు.

"పెళ్లయినప్పట్నుంచీ టవర్లోనే ఉన్నావు. ఒకసారి విమానంలోకి రా బావా," అంది అక్క.

బావ లాండ్రీలో సెలవు అడిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్నూ రమ్మన్నారు గానీ నాకు ఆ మధ్యాహ్నం డ్యూటీ ఉంది. మీరు ఇంటిమీంచి వెళ్లండి, నేను డాబా మీద ఎర్ర దుప్పటి ఆరేస్తా, దాన్ని బట్టి మన ఇల్లు గుర్తుపట్టండి అన్నాను. అలాగే పొద్దున్న డాబా మీదికెక్కి దుప్పటి పరిచి, నాలుగు మూలలా పూలకుండీలు పెట్టాను. వాళ్లొచ్చారు. తెల్లటి చిన్న విమానం, తిరగలి చప్పుడు చేసుకుంటూ ఒక చుట్టు తిరిగి, ఇంకో చుట్టు తిరిగి, రెక్క ఒకటి వంచి వెళ్లిపోయింది. నేను చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాను. దుప్పటి మడతపెట్టుకుని కిందికొచ్చి, స్నానం చేసి, డ్యూటీకి వెళ్లాను. నా జీవితంలో అంత గర్వంగా నేనెప్పుడూ బస్సెక్కలేదు.

ఫోను ఆసుపత్రికే వచ్చింది.

నేను నర్సుని. డాక్టరు చెప్పబోయేది ఆయన నడక చూసి చెప్పగలను. పెద్దాసుపత్రి వరండాలో ఆ డాక్టరు నా వైపు నడిచొస్తుంటే, ఇంకా దగ్గరికి రాకపోతే బాగుండునని మాత్రం అనుకున్నాను. బావకి ఎడమ భుజం ఎముక, చీలమండ విరిగాయి. నుదుటి మీద కుట్లు. అక్కకి ఏమేం విరిగాయో నేను చదివాను, ఇక్కడ రాయను. విమానం అక్క కూర్చున్న వైపు చెట్టుకి కొట్టుకుంది.

అమ్మకి ఫోన్ నేనే చేశాను. అమ్మ మెల్లగా అంది. "మా అన్న కొడుకు బతికాడు కదా. అదే పదివేలు అనుకోవాలా నేను?"

ఆ తర్వాత రోజులు ఎలా పోయాయో చెప్పలేను. బావని ఇంటికి తెచ్చాను. ఒక చెయ్యి మెడకి కట్టుకుని, చంకలో కర్రతో, ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఏడ్చేవాడు కాదు. వంటింట్లోకి వెళ్లేవాడు కాదు. మంచినీళ్లు కావాలన్నా గుమ్మం దగ్గర ఆగి నన్ను పిలిచేవాడు. నాకు విసుగొచ్చేది, ఆ విసుక్కి నామీద నాకే అసహ్యం వేసేది.

విచారణ అధికారి ఒకాయన మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు. మాకు బల్లంటూ ఉన్నది వంటింట్లోనే కాబట్టి అక్కడే కూర్చోబెట్టాను. బావ ఆ రోజే మళ్లీ వంటింట్లో అడుగుపెట్టాడు. అధికారి అట్టని చూశాడు.

"కుడి ట్యాంకు నిండుగా ఉందండి," అన్నాడాయన. "ఎడమ ట్యాంకు ఖాళీ. బయల్దేరేటప్పుడే ఎడమదాంట్లో అంతకుముందు ఎవరో వాడగా మిగిలింది మాత్రమే ఉంది. ముందు అది వాడి, తర్వాత కుడికి మార్చుకుందామని బయల్దేరి ఉంటారు. మార్చడం మర్చిపోయారు. ఇది కొత్తేం కాదు. పాతరకం విమానం మీద నేర్చుకుని వచ్చినవాళ్లు కొందరు మర్చిపోతుంటారు."

మా అమ్మ ఎప్పుడూ అనేది, చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టు అని. కళ్లజోడు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే అక్కని చూసే అనేది. ఆ మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు చెంపమీద కొట్టుకోవాలనిపించింది.

"నాకు అర్థం కానిది ఒకటుంది," అన్నాడు అధికారి. "విమానం పడ్డాక మేం చూసినప్పుడు కుళాయి కుడి ట్యాంకుకే తిప్పి ఉంది. అంటే ఆవిడ మార్చారు. సరైన పనే చేశారు. కానీ బాగా ఆలస్యంగా చేశారు. ఇంజను ఆగిన వెంటనే మార్చుంటే మీరిద్దరూ మామూలుగా రన్‌వే మీద దిగేవాళ్లు. ఆ మధ్యలో ఏం జరిగింది?"

బావ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. "చెయ్యాల్సినవన్నీ వరసగా చేసిందండి," అన్నాడు.

"సరే. మీరు పైలట్ కారు కదా. మీకు తెలిసే అవకాశం లేదు," అని ఆయన లేచాడు. ఏమైనా గుర్తొస్తే ఫోన్ చెయ్యమని నంబరు ఇచ్చి వెళ్లాడు.

తలుపు వేసొచ్చేసరికి బావ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి కిందికి జార్చి బల్ల కాలికున్న కాగితం కుళాయిని వేలితో తడుముతున్నాడు. అది చూసి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాను.

"బావా. ఏం జరిగిందో నాకు చెప్పు," అన్నాను.

"నీ దుప్పటి కనపడింది," అన్నాడు. "నాకే ముందు కనపడింది. ఇంకోసారి తిప్పవా అన్నాను. తిప్పింది. రెక్క వంచి నీకు దణ్ణం పెట్టానంది. నవ్వుకుంటూ వెళ్లాం. ఎంతసేపయిందో ఇద్దరం చూసుకోలేదు."

ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది. కానీ అడిగింది నేనే.

"దిగడానికి కిందికొస్తున్నాం. ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగిపోయింది. గాలి చప్పుడొకటే."

"అక్క భయపడిందా?"

"లేదు చిట్టీ. అదే చెప్తున్నా. ఇక్కడ ఎలా చేసేదో అలాగే చేసింది. స్పీడు అంది. పొలం అంది, పొలం వైపు తిప్పింది. కుళాయి అంది. కుడిచెయ్యి కిందికెళ్లింది. సీట్ల మధ్య అక్కడొక చక్రం ఉంటుంది, విమానం ముక్కు ఎత్తుగా ఉండాలా కిందికుండాలా సర్దేది. దాన్ని పట్టుకుని టక్కున తిప్పింది. పంపు అంది. అలా చివరిదాకా."

"నువ్వు చూశావా?"

"తన చెయ్యి నా మోకాలికి తగిలింది."

"అది కుళాయి కాదని నీకు తెలుసా?"

"గీసింది నేనే కదా. తెలుసు."

"మరి చెప్పలేదేం? ఎడమవైపు అని ఒక్క మాట. ఎందుకు చెప్పలేదు బావా?"

బావ నావైపు చూశాడు. ఆ మొహంలో ఎక్కడా తప్పించుకునే చూపు లేదు. ఒక లెక్క ఎన్నిసార్లు చేసినా అదే జవాబు వస్తుంటే చూసే పిల్లాడిలా ఉన్నాడు.

"అయింది, చెప్పు బావా అనలేదు కదా ఇంకా," అన్నాడు.

నేను కింద కూర్చుండిపోయాను.

"నోటిదాకా వచ్చింది చిట్టీ. వచ్చి ఆగిపోయింది. పెదాలు బిగుసుకుపోయాయి. తను చేస్తోంది కదా, మధ్యలో మాట్లాడితే తప్పుతుంది, అయ్యాక చెప్పాలి అని. అంతే ఉంది బుర్రలో. ఇంకేం లేదు. అన్నీ పూర్తి చేసింది. ఇంజను రాలేదు. నావైపు తిరిగింది. అయింది, చెప్పు బావా అంది. అప్పుడు చెప్పాను. ఎడమ మోకాలి దగ్గర అన్నాను. అలా అనడం ఆలస్యం, తిప్పేసింది. ఇంజను అందుకుంది కూడా. ఒకసారి గుర్రుమంది. అప్పటికే చెట్లొచ్చేశాయి."

నాకు బావని కొట్టాలనిపించింది. పాలు పొంగిన రోజు నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి నన్ను కూడా కొట్టుకోవాలనిపించింది. ఎవరినీ కొట్టలేదు. ఎవరినని కొడతాం. రూలు పెట్టింది అక్క, పాటించింది బావ, ఇద్దరూ ఒకరికొకరు మంచే చేద్దామనుకున్నారు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను, పక్కింటివాళ్లకి వినపడితే వినపడనీ అనుకున్నాను.

"ఆయనకి ఫోన్ చేసి చెప్తాను," అన్నాడు బావ. "ఆలస్యం చేసింది తను కాదని చెప్తాను. ఆ కాగితాల్లో తను మర్చిపోయిందనే ఉంటుంది లేకపోతే."

"చెప్పు," అన్నాను.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెప్పాడు. ఆయన విన్నాడట, రాసుకున్నాడట, కుడివైపు సీట్లో కూర్చున్నవాళ్లని తప్పుపట్టే రూలేదీ మా దగ్గర లేదు అన్నాడట. బావకి ఆ మాట ఊరటనివ్వలేదు. నాకూ ఇవ్వలేదు.

కానీ ఆ రోజు, అధికారి వెళ్లిన ఆ రోజు, నేను కళ్లు తుడుచుకుంటుంటే బావ లేచాడు. కర్ర బల్లకి ఆనించాడు. ఒంటికాలి మీద కుంటుకుంటూ ఫ్రిజ్ దగ్గరికెళ్లి, బాగున్న భుజాన్ని దానికి ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు? ఎముకలు మళ్లీ విరుగుతాయి," అన్నాను.

"జరుపు," అన్నాడు.

"తీగ పొట్టిది బావా. ప్లగ్గు ఊడిపోతుంది."

"ఊడితే ఊడనీ. జరుపు చిట్టీ."

ఆ గొంతు విని నేను లేచి రెండోవైపు పట్టుకున్నాను. ఫ్రిజ్ బరువుగా, గచ్చు మీద గీరుకుంటూ కదిలింది. కింద ఏళ్లనాటి దుమ్ము, ఎండిపోయిన కరివేపాకు, ఎప్పుడో పోయిన గరిటె ఒకటి కనపడ్డాయి. వెనక తీగ బిగుసుకుంటుందని, ఏ క్షణమైనా ఊడొస్తుందని చూస్తున్నాను. బిగుసుకోలేదు. ఫ్రిజ్ వెనకాల తీగ చుట్టలు చుట్టి, కొన్నప్పటి ప్లాస్టిక్ బద్దతో కట్టేసి ఉంది. ఇంటావిడ దాన్ని ఎప్పుడూ విప్పి చూడలేదు. మేమూ చూడలేదు. మేం లాగేసరికి ఆ బద్ద పుటుక్కున తెగింది. తీగ చుట్ట తర్వాత చుట్ట విడిపోతూ నేలమీద పరుచుకుంది. ఫ్రిజ్ అవతలి మూలకి చేరింది. ఇంకా మూరెడు తీగ మిగిలింది. ఫ్రిజ్ ఆగనైనా ఆగలేదు, గుయ్యిమంటూనే ఉంది.

ఇద్దరం ఆ తీగ వైపు చూశాం.

కుర్చీకి ఎడమవైపు ఇప్పుడు ఖాళీ గోడ ఉంది. ఫ్రిజ్ ఉన్నంత మేర రంగు మాయకుండా తెల్లగా ఉంది. బావ బల్ల కాలి దగ్గర వంగి, కాగితం కుళాయిని గోటితో మెల్లగా ఊడదీశాడు. గోడ దగ్గర చతికిలబడి, మోకాలి ఎత్తులో, దాన్ని అరచేత్తో గోడకి అదిమి పట్టుకున్నాడు. జిగురు ఎప్పుడో ఆరిపోయింది, అది అంటుకోవడం లేదు. అందుకని చెయ్యి తియ్యలేదు.

"కుర్చీలో కూర్చో చిట్టీ," అన్నాడు.

కూర్చున్నాను. అట్ట మీద మీటర్లన్నీ నావైపు చూస్తున్నాయి. ఎడమచెయ్యి కిందికి చాచాను. గుండుసూది చల్లగా వేలికి తగిలింది.

"అందుతోందా?" అన్నాడు బావ.

"అందుతోంది," అన్నాను.